మాక్రో లెన్సు – దాని ఎంపిక

మన పోపులపెట్టెలోని ఆవగింజ అడ్డుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు. దానిని బాగుగా చూడగోరి కంటికి మఱీ దగ్గఱకు తెచ్చినచో అది స్పష్టపడుటకు మాఱుగా మసకబాఱును. మన కన్నువలెనే సాధారణమైన కెమెరా కటకము గూడ ఒక హద్దు దాటి వస్తువును సమీపింపజాలదు. ఆ హద్దును దాటి చిన్న వస్తువులను స్ఫుటముగా చిత్రించుటకై నిర్మింపబడిన కటకమునకు మాక్రో లెన్సు అని పేరు. భోజన పదార్థములను చిత్రించువారును, వస్తువును విడిచి దాని రేఖలను, రంగులను మాత్రమే చూపు అమూర్త చిత్రములను తీయువారును దీనిని కోరుదురు. ఇది వెలగల సాధనము. పేరు మాత్రము చూచి కొన్నవారికి అది తమ పనికి సరిపడకపోవుటయు కలదు. కావున దాని ధర్మముల నెఱిగి ఎన్నుకొనుట మేలు.

ఈ ధర్మములను చిన్న ప్రయోగముచే గ్రహింపవచ్చును. దూరముననున్న చెట్టు ప్రతిబింబము గోడపై పడునట్లు ఒక భూతద్దమును పట్టుకొనుడు. అద్దమునకును గోడకును నడుమగల దూరమే దాని నాభ్యంతరము. అది 10 సెంటీమీటర్లనుకొందము. ఇక చీకటి గదిలో వెలుగుచున్న క్రొవ్వొత్తిని అద్దమునకు 20 సెంటీమీటర్ల దూరమున నుంచి, ఆవలిప్రక్క అంతే దూరమున తెల్లకాగితమును నిలుపుడు. జ్వాల తలక్రిందుగా, తానున్నంత పరిమాణముతోనే కాగితముపై కనబడును. క్రొవ్వొత్తిని దూరము జరిపినకొలది ప్రతిబింబము చిన్నదగును.

వస్తువును, ప్రతిబింబమును సమాన పరిమాణము గలవైనప్పుడు ఆ నిష్పత్తిని 1:1 అందురు. ఈ నిష్పత్తి నందుకొనగల కటకమే పూర్తి మాక్రో లెన్సు. ప్రతిబింబము వస్తువులో సగమే యైనచో అది 1:2. కొన్ని లెన్సులపై మాక్రో అను మాట వ్రాసియున్నను అవి 1:1 వఱకు పోజాలవు. నికాన్ సంస్థవారు తమ లెన్సులకు మైక్రో అని పేరిడిరి. అవి మాక్రో జాతికి చెందినవే. 1956లో ఆ సంస్థ తొలి మైక్రో నిక్కోరును వెలువరించెను. మిక్కిలి క్లిష్టమైన జపాను అక్షరములను పుస్తకములనుండి సూక్ష్మఫిలిముపై కెక్కించుటయే దాని ప్రయోజనము. కాగా మనము చూడవలసినది పేరును కాదు, నిష్పత్తిని.

అసలు మన పనికి ఎంత నిష్పత్తి కావలెను? ఇది మొదటి ప్రశ్న. పెద్ద కెమెరాలలో ప్రతిబింబము పడు సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గలది. సుమారు 21 సెంటీమీటర్ల వెడల్పుగల పళ్లెము అందులో ఇముడుటకు తొమ్మిదవ వంతు నిష్పత్తి చాలును. దానికి మాక్రో లెన్సే అక్కఱలేదు. 4 సెంటీమీటర్ల నిమ్మచెక్క చిత్రమున నిండుగా కనబడుటకు సగమునకు కొంచెము మించిన నిష్పత్తి కావలెను. దానిమ్మగింజలోని మెఱుపును, నీటిపై తేలు నూనెబొట్టు అంచును చూపవలెనన్నచో 1:1 తప్పనిసరి.

రెండవ ప్రశ్న నాభ్యంతరమును గూర్చినది. విపణిలో 50–60, 90–105, 150–200 మిల్లీమీటర్ల మాక్రో లెన్సులు ముఖ్యముగా దొరకును. పైన చెప్పిన ప్రయోగము ననుసరించి, 1:1 కొఱకు కటకము వస్తువునకు నాభ్యంతరమునకు రెట్టింపు దూరమున నుండవలెను. అనగా 50 మిల్లీమీటర్ల కటకమునకు సుమారు 10 సెంటీమీటర్లు. 100 మిల్లీమీటర్లదానికి 20 సెంటీమీటర్లు. నిజమైన లెన్సులలో అద్దములు పెక్కు గలవు గనుక ఈ కొలత కొంత మాఱును. లెన్సు మఱీ దగ్గఱకు వచ్చినచో దాని నీడ వస్తువుపై పడును; వేడి పదార్థపు ఆవిరి అద్దమునకు పట్టును. కావున దగ్గఱి చిత్రములకు 100 మిల్లీమీటర్ల లెన్సు అనుకూలము.

అయితే ఇందొక చిక్కు కలదు. పైన చెప్పిన పళ్లెమును నిలువుగా పైనుండి చిత్రింపవలెనన్నచో ఆ లెన్సును సుమారు ఒక మీటరు ఎత్తున నిలుపవలెను. బల్ల యెత్తు దీనికి తోడగును గనుక పీట యెక్కక తప్పదు. 50 మిల్లీమీటర్లదానికి అర మీటరు చాలును. ఇఱుకు వంటగదిలో పనిచేయువారికి ఇది గొప్ప సౌకర్యము.

మూడవది స్పష్టతయొక్క లోతు. 1:1 నిష్పత్తిలో, లెన్సు ద్వారమును ఎఫ్/8 కు కుదించినను, సుమారు ఒక మిల్లీమీటరు మందము మాత్రమే స్పష్టముగా కనబడును. ద్వారమును ఎఫ్/16 కు కుదించినచో అది రెండు మిల్లీమీటర్లగును గాని, సన్నని ద్వారమున కాంతి చెదరుటచే చిత్రమంతయు కొంత మెత్తబడును. పైగా 1:1 లో సెన్సారును చేరు కాంతి నాలుగవ వంతునకు తగ్గును. కాబట్టి కెమెరా కదలకుండ నిలుపు ముక్కాలి స్టాండు లేనిచో ఎంత గొప్ప లెన్సైనను వ్యర్థమే. కొనదలచిన సొమ్ములో దానికి కొంత మిగుల్చుకొనవలెను.

సొమ్ము చాలనివారికిని మార్గము కలదు. కెమెరాకును లెన్సునకును నడుమ బిగించు బోలుగొట్టములు దొరకును. వానిలో అద్దము లేదు. లెన్సును ముందుకు జరుపుటయే వాని పని. 50 మిల్లీమీటర్ల సాధారణ లెన్సునకు అంత పొడవుగల గొట్టము తగిలించినచో 1:1 సిద్ధించును. కాని గొట్టము ఉన్నంతసేపు దూరపు వస్తువులు కనబడవు; మాటిమాటికి దానిని తీయుచు పెట్టుచుండవలెను.

రెండు పనులకు ఒక్కటే లెన్సు కొనువారికి పెద్ద సెన్సారుగల కెమెరాపై 90–105 మిల్లీమీటర్లదియు, సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న సెన్సారుపై 60 మిల్లీమీటర్లదియు తగినవి. పళ్లెములను ఎక్కువగా పైనుండి తీయువారు ఇంతకంటె పొట్టిదానిని ఎన్నుకొనవచ్చును.

ఈ సందర్భమున అమెరికా దేశపు ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ వెస్టన్ కృషి స్మరింపదగినది. 1930లో ఆయన కాలిఫోర్నియాలో ఒక బుట్టమిరపకాయను రేకు గరాటులో నుంచి, 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవుగల ఫిలిముపై చిత్రించెను. దాని వంపులలో పలువురు వంగిన మనుష్యుని వీపును చూచిరి. తినెడి కాయయే అమూర్త చిత్రమైనది. నేడు విక్రయింపబడుచున్న మాక్రో లెన్సులు అప్పటికి లేవు. కాని ఏ కాయను, ఏ వెలుగులో, ఎంత దగ్గఱగా చూపవలెనో ఆయనకు తెలియును. మొదట వస్తువు నెఱిగి, పిమ్మట సాధనము నెన్నుకొనవలెను. ఈ నియమము లెన్సునకే కాదు, కలమునకును నాగలికిని గూడ వర్తించును.