హాట్ రాడ్ ఇంజన్ నిర్మాణం, ట్యూనింగ్: ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి-8 పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత కారును తేలికపరచి, ఇంజన్ శక్తిని పెంచి, వేగానికి సిద్ధం చేసిన వాహనాన్ని హాట్ రాడ్ అంటారు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఈ విద్య ఫోర్డ్ సంస్థ 1932లో తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి-8 ఇంజన్ ఆధారంగా పెరిగింది. ఆ ఇంజన్‌లో ఒక గుణాన్ని పెంచితే మరొకటి ఎందుకు తగ్గుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హాట్ రాడ్, ఫ్లాట్‌హెడ్, సంపీడన నిష్పత్తి, కామ్‌షాఫ్ట్, కార్బురేటర్, ట్యూనింగ్.

1. ఉపోద్ఘాతం:

లాస్ ఏంజెలెస్‌కు ఆవల మోహావీ ఎడారిలో మ్యురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సులున్నాయి. గట్టిపడిన ఆ చదును నేలల మీద 1930లలో యువకులు తమ కార్ల వేగాన్ని పరీక్షించుకొనేవారు. 1937లో ఏర్పడిన సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఆ పరుగులకు నియమాలనూ, కాలగణననూ సమకూర్చింది. ఖరీదైన కార్లు కొనే స్తోమత వారిలో చాలామందికి లేదు. అందుబాటు ధరలో భారీగా తయారైన ఫోర్డ్ వి-8 మాత్రం పాత కార్ల రూపంలో చవకగా దొరికేది. మేలైనది కాబట్టి దానిని ఎన్నుకున్నారనడం కన్నా, చేతికందింది కాబట్టి ఎన్నుకున్నారనడం సమంజసం.

2. ఫ్లాట్‌హెడ్ నిర్మాణం:

1932 నాటి ఈ ఇంజన్ పరిమాణం 221 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు. శక్తి 65 అశ్వశక్తి. సంపీడన నిష్పత్తి 5.5:1. ఇందులో వాల్వులు సిలిండర్ పైన ఉండవు. పక్కనే, బ్లాకులో నిలబడి ఉంటాయి. హెడ్డు కేవలం మూత వంటిది. తయారీకి ఇది సులువైన పద్ధతి. కాని గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం వాల్వు నుండి పైకి లేచి, పక్కకు మళ్లి, తిరిగి కిందికి దిగితే గాని సిలిండర్‌లోకి చేరదు. మండిన వాయువు పాట్లు ఇంకా ఎక్కువ. అది సిలిండర్ల నడుమగా బ్లాకును దాటుకొని బయటపడాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు నిర్గమ ద్వారాలు మూడే. నడిమి రెండు సిలిండర్లూ ఒకే ద్వారాన్ని పంచుకొంటాయి. దారిలో ఆ వాయువు వదిలే వేడి బ్లాకు చుట్టూ తిరిగే నీటికి చేరుతుంది. ఫ్లాట్‌హెడ్ త్వరగా వేడెక్కుతుందన్న అపకీర్తికి ముఖ్య కారణమిదే.

3. పరిమాణాన్ని పెంచడం:

తెలుగు మెకానిక్కుల వాడుకలో 'ఇంజను బోరుకొచ్చింది' అనే మాట ఉంది. అరిగిన సిలిండర్‌ను తొలిచి సరిచేయవలసి వచ్చిందని దాని అర్థం. హాట్ రాడ్ నిర్మాతకు బోరు మరమ్మతు కాదు, శక్తిని పెంచే మార్గం. 1949 నాటి మెర్క్యురీ ఇంజన్‌లోని క్రాంక్‌షాఫ్ట్‌తో పిస్టన్ ప్రయాణం 3-3/4 అంగుళాల నుండి 4 అంగుళాలకు పెరుగుతుంది. దానికి తోడు బోరును 3-5/16 అంగుళాలకు తొలిస్తే మొత్తం పరిమాణం 276 ఘనపుటంగుళాలవుతుంది. అయితే తొలిచే కొద్దీ గోడ పలచబడుతుంది, వేడి సమస్య ముదురుతుంది.

4. సంపీడనం, శ్వాస:

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 221 ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ పరిమాణం సుమారు 453 ఘన సెంటీమీటర్లు. నిష్పత్తి 5.5 ఉండాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే జాగా 101 ఘన సెంటీమీటర్లుండాలి. నిష్పత్తిని 8కి పెంచాలంటే ఆ జాగాను 65కు కుదించాలి. ఇతర ఇంజన్లలోనూ ఈ లెక్క మారదు. కాని ఫ్లాట్‌హెడ్‌లో కుదించవలసిన ఆ జాగాయే వాల్వు నుండి సిలిండర్‌కు మిశ్రమం నడిచే దారి. గట్టిగా నొక్కాలంటే గొంతు ఇరుకు చేయాలి. గొంతు విప్పితే నొక్కుడు తగ్గుతుంది.

ఈ దారిని విశాలం చేయడానికి వాల్వుకూ సిలిండర్‌కూ మధ్యనున్న బ్లాకు ఉపరితలాన్ని అరగదీసేవారు. దీనిని 'రిలీవింగ్' అంటారు. దీనివల్ల మిశ్రమం సులువుగా ప్రవహించినా, అరగదీసిన మేరకు జాగా పెరిగి సంపీడనం పడిపోతుంది. నిర్మాతల మధ్య దీని గురించి తెగని వాదం నడిచింది. సూపర్‌చార్జర్‌తో గాలిని బలవంతంగా నెట్టే ఇంజన్‌కూ, ఎప్పుడూ అధిక భ్రమణాల మీద పరుగెత్తే ఇంజన్‌కూ రిలీవింగ్ ఉపకరిస్తుంది. వీధిలో తిరిగే కారుకు సంపీడనాన్ని నిలుపుకోవడమే మేలనిపిస్తుంది.

కామ్‌షాఫ్ట్ ఎంపికలోనూ ఇదే ఇచ్చిపుచ్చుకోలు కనబడుతుంది. ఎడ్ విన్‌ఫీల్డ్, ఎడ్ ఇస్కెండేరియన్ ఈ రంగంలో పేరుపొందారు. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్ అధిక వేగంలో ఇంజన్‌ను నింపుతుంది. తక్కువ వేగంలో మాత్రం రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే వ్యవధి పెరిగి, మండిన వాయువు కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఇంజన్ కుదుపులతో నడుస్తుంది.

5. ట్యూనింగ్:

నిర్మాణం షెడ్డులో ముగుస్తుంది, ట్యూనింగ్ మైదానంలో సాగుతుంది. విక్ ఎడెల్‌బ్రాక్ వంటివారు రూపొందించిన మానిఫోల్డుల మీద రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లను బిగించేవారు. వాటిలోని జెట్ రంధ్రం పరిమాణమే పెట్రోలు పాళ్లను నిర్ణయిస్తుంది. 1949 నుండి యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానంలో పోటీలు మొదలయ్యాయి. అది సముద్రమట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి గాలి సాంద్రత ఎనిమిదో వంతు దాకా తక్కువ. లాస్ ఏంజెలెస్‌లో సరిగా కుదిరిన జెట్ అక్కడ పెట్రోలును ఎక్కువగా పోస్తుంది. ఇంధనం మారితే తేడా మరీ ఎక్కువ. పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, మెథనాల్‌కు 6.4 పాళ్లు చాలు. అంటే అదే గాలికి రెట్టింపుకు మించి ఇంధనం పోయాలి.

కొలత పరికరాలు అరుదైన ఆ రోజుల్లో స్పార్క్ ప్లగ్గే సాక్ష్యం. నిండు వేగంలో ఉండగానే ఇగ్నిషన్ కట్టివేసి, క్లచ్ నొక్కి, కారు ఆగాక ప్లగ్గు విప్పి చూసేవారు. మసి పట్టి ఉంటే ఇంధనం ఎక్కువైందని, తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువై వేడి మించిందని గ్రహించేవారు. మెల్లగా నడుపుకొంటూ వచ్చి చూసిన ప్లగ్గు ఆఖరి నిమిషపు సంగతే చెబుతుంది, పరుగు సంగతి చెప్పదు.

6. ఫ్లాట్‌హెడ్ తరువాత:

జోరా ఆర్కస్-డన్టొవ్ 1940ల చివర ఇదే బ్లాకు మీద వాల్వులను పైకి తెచ్చే 'ఆర్డన్' హెడ్లను రూపొందించారు. 1953లో ఆయన జనరల్ మోటార్స్‌లో చేరారు. అమెరికాలో ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి-8 కార్లకు అదే చివరి సంవత్సరం. 1955 మోడల్ షెవ్రొలే కార్లతో వచ్చిన 265 ఘనపుటంగుళాల వి-8కు వాల్వులు పైనే ఉన్నాయి. ప్రాథమిక రూపంలోనే అది 162 అశ్వశక్తినిచ్చింది. హాట్ రాడ్ నిర్మాతలు క్రమంగా అటు మళ్లారు. బానవిల్‌లో ఫ్లాట్‌హెడ్‌లకు ప్రత్యేక తరగతి కొనసాగుతోంది. ఆర్డన్ వంటి హెడ్లు బిగించినవాటిని మాత్రం అందులో చేర్చక వేరే తరగతిలో ఉంచుతారు.