జట్టు ఎట్లు ఒకటగును?

కడప జిల్లాలో ఎర్రగుంట్లకు చేరువనున్న చిలమకూరు సిమెంటు కర్మాగారము గల గ్రామము. ఆ ప్రాంతపు సున్నపురాయియే దానికి ముడిసరుకు. సిమెంటు ఎండుటవలన గట్టిపడునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనిక చర్య పొంది, ఇసుకను, కంకరను పెనవేసి పట్టుకొను క్రొత్త పదార్థముగా మారును. అందుకే పోత పోసిన పిదప దానిని దినముల తరబడి తడుపుచుందురు; దాని బలమును 28వ దినమున పరీక్షింతురు. వస్తువులను ఒకచోట కుప్పగా పోసినంత మాత్రమున బంధము కలుగదు. వానిమధ్య చర్య జరుగవలెను. ఆ చర్యకు కాలము కావలెను.

మనుష్యుల గుంపు విషయమునను ఇంచుమించు ఇట్లే జరుగును. ఇట్టి గ్రామములో ఒక చర్చి యువజనుల వాలీబాల్ జట్టును ఊహింతము. కర్మాగారములో పనిచేయువాని కుమారుడు, సేద్యగాని కుమారుడు, కాలేజీ విద్యార్థి, బడి మానిన యువకుడు—ఇట్లు వేర్వేరు వీధులనుండి పన్నెండుగురు చేరిరి. ఆటను నేర్పుటకు శిక్షకుడు కలడు. ఒకే రంగు బనీన్లు తొడిగినంతనే వీరు జట్టు కారు. రెండు మూడు ఓటములు కలుగగానే “తప్పు నీది” అను మాట పుట్టును. ఒకడు మానును; వానితో మరి ఇద్దరు మానుదురు. మైదానములోని తగవు వీధులకు ప్రాకుటయు కలదు. దీనిని ముందే నివారించుట ఎట్లు? మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను నూరేండ్లకు పైగా పరిశోధించుచున్నారు.

చర్చికిని ఆటకును గల చుట్టరికము

వాలీబాల్ చర్చి యువజనులకు పరాయి ఆట కాదు. 1844లో జార్జి విలియమ్స్ లండనులో క్రైస్తవ యువజన సంఘమును స్థాపించెను. అమెరికాలో ఆ సంఘమునకు చెందిన శిక్షకులే బాస్కెట్‌బాల్‌ను, వాలీబాల్‌ను కనిపెట్టిరి. మొదటిదానిని 1891లో జేమ్స్ నైస్మిత్, రెండవదానిని 1895లో విలియం మోర్గాన్ రూపొందించిరి. ఆ సంఘము తరఫున వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యాలయమును ప్రారంభించెను. దక్షిణదేశపు వ్యాయామోపాధ్యాయులు అనేకులు అచ్చట శిక్షణ పొందినవారే.

వాలీబాల్ నియమములలోనే ఒక విశేషము కలదు. ఒకే ఆటగాడు బంతిని వెంటవెంటనే రెండుసార్లు తాకరాదు. వలయొద్ద ఎదిరి దెబ్బను అడ్డగించిన తరువాత ఇందుకు మినహాయింపు కలదు. ఆ అడ్డగింపును విడిచి, మూడు తాకిళ్లలోపల బంతిని అవతలికి పంపవలెను. కనుక ఎంతటి నేర్పరియైనను ఒంటరిగా ఆడజాలడు. పంచుకొనుట ఇచ్చట సుగుణము మాత్రమే కాదు, నియమము.

తాడు లాగిన చేతులు

అయినను పదిమంది కలిసినచో పదింతల బలము వచ్చునా? ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ దీనిని కొలిచెను. ఆయన ఫలితములు 1913లో ప్రచురింపబడినవి. తాడును ఒక్కడు లాగిన బలమును 100 అనుకొన్నచో, ఇద్దరు లాగినపుడు ఒక్కొక్కని వాటా 93; ఎనిమిదిమంది లాగినపుడు 49 మాత్రమే. ఒకరి లాగుడు మరియొకరి లాగుడుతో సరిగా కలియకపోవుట ఇందుకు ఒక కారణము. కాని అదియొక్కటే కారణము కాదు. 1974లో అలన్ ఇంగం బృందమువారు ఒక్కొక్కని కండ్లకు గంతలు కట్టి, వెనుక ఇతరులు కూడ లాగుచున్నారని నమ్మించిరి. నిజమునకు లాగువాడు అతడొక్కడే. అయినను అతని బలము తగ్గినది. “నేను తగ్గినను ఎవరికి తెలియును?” అను భావము మనకు తెలియకయే మనలో పనిచేయునన్నమాట.

దీనికి విరుగుడు కూడ తెలిసినది. ఒక్కొక్కరి శ్రమను విడివిడిగా గుర్తించుచున్నారని తెలిసినపుడు ఈ అలసత్వము తొలగునని 1981 నాటి ప్రయోగములు చూపినవి. కావున శిక్షకుడు “అందరూ బాగా ఆడినారు” అనుటకంటె, “నీవు పరుగెత్తి ఆ బంతిని లేపుటవలననే మనకు ఆ పాయింటు వచ్చినది” అనుట మేలు.

పోటీ కలుపునా, చీల్చునా?

1954 వేసవిలో ముజాఫర్ షెరీఫ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రములో ఇరువదిరెండుగురు బాలురను రెండు జట్లుగా చేసి విడిది చేయించెను. బహుమతులు పెట్టి పోటీలు నడుపగా ఒక్కొక్క జట్టు లోలోపల బిగిసినది. కాని రెండింటిమధ్య ద్వేషము పుట్టినది. ఒకరి జెండాను ఒకరు కాల్చిరి. ఒకరి గదులపై ఒకరు పడిరి. పిమ్మట అందరిని ఒకచోట భోజనమునకు కూర్చుండబెట్టగా అన్నపానీయములే ఆయుధములైనవి! కలియుటకు అవకాశమిచ్చినంత మాత్రమున వైరము పోలేదు.

అప్పుడు ఇరుజట్లు చేయి కలిపిననే తప్ప తీరని పనులు కల్పింపబడినవి. నీటి సరఫరా ఆగిపోయినది. ఆహారము తేవలసిన లారీ కదలలేదు. లోగడ పోటీలో ఎదురెదురుగా లాగిన తాడునే లారీకి కట్టి, అందరును ఒకే ప్రక్కకు లాగిరి. ఇట్టి పనులు కొన్ని జరిగిన పిదప వైరము చల్లబడినది. నిర్వాహకులే కలహమును ఎగద్రోసిరని, బాలురకు విషయము తెలుపకుండుట తప్పని ఈ ప్రయోగముపై విమర్శలు కలవు, అవి న్యాయమైనవే. అయినను ఇందలి పాఠము నిలిచియున్నది: విందుకంటె, ఉమ్మడి అవసరమును తీర్చు పని ఎక్కువగా కలుపును.

కలిసి కదలుట, కలిసి పాడుట

2009లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, అడుగులో అడుగు కలిపి నడచిన విద్యార్థులు తోచినట్లు నడచినవారికంటె తరువాతి ఆటలో ఎక్కువగా సహకరించుకొనిరి. 2010లో ప్రచురింపబడిన మరియొక పరిశోధనలో ఆక్స్‌ఫర్డు పడవ పందెగాండ్రు పన్నెండుగురిని పరీక్షింపగా, అంతే శ్రమను ఒంటరిగా కాక కలిసి చేసినపుడు వారి నొప్పిని ఓర్చు శక్తి ఎక్కువగా పెరిగినది. మెదడులో పుట్టు ఎండార్ఫినులు ఇందుకు కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. బ్రిటనులో కొందరు వయోజనులను ఏడు నెలలు గమనింపగా, గాన తరగతిలో చేరినవారు చేతిపనుల తరగతివారికంటె త్వరగా సన్నిహితులైరి. చివరకు మాత్రము అందరును సమానమైరి. పాట బంధమును త్వరపెట్టునే కాని, కాలముతో పనిలేకుండ చేయదు.

చర్చి యువజనులకు సామూహిక గానము అలవాటే. రాయలసీమలో చెక్కభజన, కోలాటము తాళమునకు అడుగు కలుపు విద్యలే. ఆటకు ముందు చేయు వ్యాయామమును తాళముతోనో పాటతోనో చేయించుట సులభము.

బంతి అందని బాలుడు

ముగ్గురు బంతి విసరుకొనుచు, కొంతసేపటికి ఒకనికి విసరుట మానినచో అతడేమగును? కిప్లింగ్ విలియమ్స్ ఈ ప్రశ్నను 2000లో కంప్యూటరు తెరపై ఆటగా మార్చి పరీక్షించెను. కొలది నిమిషములలోనే, ముఖములెరుగని వారు విడిచిపెట్టినను, ఆ వ్యక్తి మనస్సు కుంగినది. నిజమైన మైదానములో, నిత్యము చూచువారిమధ్య ఆ గాయము ఎంతటిదో ఊహింపవచ్చును. జట్టును విడుచువాడు తరచుగా వాదించి విడువడు. చప్పుడు చేయక మానివేయును.

అట్టివానిని ముందే కనుగొనుటకు జేకబ్ మొరెనో 1934లో వివరించిన పద్ధతి కలదు. “నీవు ఎవరితో అభ్యాసము చేయగోరుదువు?” అని అడిగి, ఒక్కొక్కరిచేత ఇద్దరి పేర్లను రహస్యముగా వ్రాయించవలెను. పేర్లను చుక్కలుగా, ఎంపికలను బాణములుగా గీచినచో పటము సిద్ధమగును. ఏ బాణమును చేరని చుక్క కనిపించినచో, అతనికి ఓర్పుగల తోడును ఏర్పరుపవలెను. ఉపాధ్యాయులు తమ తరగతులలోను దీనిని చేయవచ్చును. అయితే ఆ పటమును విద్యార్థులకు చూపరాదు.

శిక్షకుని స్థానము

అమెరికాలో బాలుర బేస్‌బాల్ శిక్షకులకు కొందరికి ఒక చిన్న తరిఫీదు నిచ్చిరి. ప్రయత్నమును మెచ్చుకొనుట, తప్పు చేసినపుడు ధైర్యము చెప్పి సరిదిద్దుట, దండింపకుండుట అందలి ముఖ్యాంశములు. 1992లో ప్రకటింపబడిన ఫలితమిది: వారియొద్ద ఆడినవారిలో మరుసటి యేడు మానినవారు నూటికి 5గురు, తరిఫీదు లేని శిక్షకులయొద్ద నూటికి 26గురు. ఈ జట్లు ఇతర జట్లకంటె ఎక్కువగా గెలువలేదు. బాలురను నిలిపినది గెలుపు కాదు, శిక్షకుని నడవడి.

శిక్షకుడు గట్టుపై నిలిచి ఆజ్ఞలిచ్చువాడు మాత్రమే కారాదు. వలయములో ఒకడు కావలెను. అట్లని హద్దులు చెరుపరాదు. పిల్లలతో జరుపు ప్రతి కార్యక్రమము తల్లిదండ్రులకు తెలిసి, మరియొక పెద్ద ఎదుట, బహిరంగ స్థలమున జరుగవలెను.

ఆచరణకు ఐదు పనులు

1. పేరు పిలుపు: వలయముగా నిలిచి, అందుకొనువాని పేరు పిలిచిన తరువాతనే బంతిని పంపవలెను. ఎవరి పేరును వదలరాదు.

2. లెక్క బంతి: బంతి నేల తాకకుండ ఎన్ని తాకిళ్లు సాగునో లెక్కించి పుస్తకములో వ్రాయవలెను. ఇందు పోటీ నిన్నటి అంకెతోనే. శిక్షకుడును వలయములో నిలువవలెను.

3. గంతల నడక: రాళ్లు ఏరి శుభ్రపరచిన సమతలముపై ఒకడు గంతలు కట్టుకొనగా, జతగాడు మాటతో నడిపింపవలెను. పిదప మార్చుకొనవలెను. శిక్షకుని నడిపించు పని జట్టులోని చిన్నవానికి ఇయ్యవలెను.

4. మైదానపు పని: రాళ్లు ఏరుట, స్తంభములు నాటుట, వల బిగించుట, సున్నముతో గీతలు వేయుట. వేర్వేరు వీధులవారిని జతలుగా కలుపవలెను. వాడుకలోనున్న వేరొక జట్టుతో కలిసి చేసినచో మరింత మేలు.

5. ముగింపు వలయము: ఆట పిమ్మట ఐదు నిమిషములు కూర్చుండి, ఒక్కొక్కడు ప్రక్కవాడు ఆనాడు చేసిన ఒక మంచి పనిని చెప్పవలెను.

కడప ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. కనుక ఇవన్నియు ఉదయము పెందలకడనో, ప్రొద్దు వాలిన పిదపనో జరుపవలెను; త్రాగునీరు దగ్గర ఉంచవలెను. ఎవరిని బలవంతపెట్టరాదు, అవహేళన కలిగించు శిక్షలు కూడదు. బాలికల జట్లకును ఇవియే వర్తించును.

స్నేహమా, పనియా?

1994లో బ్రయన్ మల్లెన్, క్యారొలిన్ కాపర్ అనువారు 49 పరిశోధనలను కలిపి పరిశీలించిరి. జట్టు పనితనముతో ముఖ్యముగా ముడిపడినది చేయు పనియందలి ఉమ్మడి పట్టుదలయే. పరస్పర ఇష్టము కాదు. అంతేకాక, ఐక్యమువలన పనితనము పెరుగుటకంటె, పని బాగుగా సాగుటవలన ఐక్యము పెరుగుటయే ఎక్కువ. తరువాత క్రీడాజట్లనే పరిశీలించిన పరిశోధకులు స్నేహమునకును కొంత పాత్ర కలదని చూపిరి. కనుక ముందు అందరును ప్రాణస్నేహితులు కావలెనని ఎదురుచూడనక్కరలేదు. చిన్న పనిని కలిసి బాగుగా చేయించినచో స్నేహము దాని వెంట వచ్చును.

సంవత్సరమునకు ఒక విహారయాత్రకంటె, వారమునకు రెండుసార్లు పావుగంట చొప్పున చేయు ఈ పనులు ఎక్కువ ఫలము నిచ్చును. ఫలితమును కొలుచుట కూడ కష్టము కాదు. ఓడిన మరునాడు ఎందరు మైదానమునకు వచ్చిరో శిక్షకుడు ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. ఆరునెలల పిదప ఆ అంకెలు తగ్గక నిలిచినచో, ఆ జట్టు ఒకటైనదని చెప్పవచ్చును.