బీపీ మాత్ర మానేద్దామనుకునే ఉద్దానం రైతు ముందుగా తెలుసుకోవాల్సినవి

డొంకూరులో మా కొబ్బరి తోటలో తీసిన వీడియోలో చెప్పిన విషయాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. "అన్నా, బీపీ మాత్ర మానేసి సహజంగా తగ్గించుకునే దారి చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు.

ముందు నా తప్పు చెబుతాను. మా నాన్న రోజూ ఒక బీపీ మాత్ర వేసుకునేవారు. మూడేళ్ల క్రితం నేనే "పొలంలో రసాయనాలు మానేశాం, ఒంట్లోకి ఎందుకు" అని మాన్పించి, ఒక మూలికల పొడి మొదలుపెట్టించాను. రెండు నెలలు హుషారుగానే తిరిగారు. "నాకేటీ లేదురా, తగ్గిపోనాది" అనేవారు. ఊళ్లో పెట్టిన ఆరోగ్య శిబిరంలో చూస్తే బీపీ 190/110. రక్త పరీక్షలో క్రియాటినిన్ కూడా ఎక్కువే. కిడ్నీ దెబ్బ ముందే ఉందా, ఆ రెండు నెలల్లో పెరిగిందా అంటే డాక్టరు చెప్పలేకపోయారు. పాత రిపోర్టు మా దగ్గర లేదు మరి. ఆ అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మన దగ్గర ఎందుకు ఎక్కువ జాగ్రత్త?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... మన మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బుకి అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు.

బీపీ పెరిగితే కిడ్నీలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. కిడ్నీ దెబ్బతింటే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ ఇంకా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. రెండూ నొప్పి లేకుండానే ముదురుతాయి. అందుకే "ఒంట్లో బాగానే ఉంది" అన్న మాట కొలత కాదు.

నిజంగా పనిచేసేవి

ఉప్పు: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. మనం ఎండు చేప, ఆవకాయ, అప్పడంతోనే అది దాటేస్తాం. వంటలో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

తిండి: కూరగాయలు, పళ్లు, పప్పులు, ముడిధాన్యాలు పెంచి, కొవ్వు తగ్గించే 'డాష్' ఆహార పద్ధతిని అమెరికాలో పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 11 పాయింట్లు తగ్గింది.

వీటితో పాటు నడక, బరువు తగ్గడం, మందు మానడం కూడా బీపీని తగ్గిస్తాయి. పొగ మానితే గుండెకి, కిడ్నీకి రెండింటికీ మేలు.

సహజమే అయినా ప్రమాదం ఉన్నవి

సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ 1949లోనే ప్రచురించారు. దాన్నుంచే రిసర్పిన్ అనే మందు వచ్చింది. ఎక్కువైతే మనసు కుంగిపోవడం దాని దుష్ఫలితాల్లో ఒకటి. అంటే వేరులో ఉన్నదీ మందే. పొడిలో ఎంత ఉందో మనకి తెలియదు, అంతే తేడా.

అతిమధురం ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది. ఈశ్వరి వేరులో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీని పాడుచేస్తుంది.

'తక్కువ సోడియం' ఉప్పు మంచిదే. చైనాలో 600 గ్రామాల్లో పరీక్షిస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. కానీ అందులో పొటాషియం ఉంటుంది. ఆ పరీక్షలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లని చేర్చుకోలేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం పేరుకుని గుండె లయ తప్పవచ్చు. మన కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు కూడా డాక్టరుని అడిగే తాగాలి. ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు బీపీకీ, కిడ్నీకీ రెండింటికీ చేటు.

మరి మాత్ర తగ్గించుకోలేమా?

కొందరికి సాధ్యమే. యూరియాకి అలవాటైన పొలంలో ఒక్కరోజులో అన్నీ ఆపేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఘనజీవామృతం వేస్తూ, నేల కోలుకోవడం చూసుకుంటూ తగ్గిస్తాం. ఒంటికీ అదే పద్ధతి.

1. ముందు క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. రిపోర్టు దాచుకోండి.
2. మాత్ర ఆపకుండానే ఉప్పు, తిండి, నడక మార్చండి.
3. ఉదయం మాత్రకి ముందు, ఐదు నిమిషాలు కూర్చుని, రెండుసార్లు బీపీ చూసి పుస్తకంలో రాయండి.
4. కొన్ని నెలలు అంకెలు బాగుంటే ఆ పుస్తకం డాక్టరుకి చూపించి, డోసు తగ్గించవచ్చా అని అడగండి. క్లోనిడిన్, మెటోప్రొలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగిసిపడుతుంది.

నాన్న ఇప్పుడు ఎండు చేప తగ్గించారు, బీడీ మానేశారు. బీపీ 130 దగ్గర ఉంటోంది. మాత్ర మాత్రం వేసుకుంటూనే ఉన్నారు. ప్రకృతి వ్యవసాయం చేసే ఇంట్లో అది చిన్నతనమేమీ కాదు.

మీ ఇంట్లో చివరిసారి క్రియాటినిన్ ఎప్పుడు చూపించారు? గుర్తు లేకపోతే ఈ వారమే వెళ్లండి.