పుంగనూరు ఆవు - పట్టుపురుగు

మదనపల్లె, కుప్పము ప్రాంతముల గ్రామములలో పట్టుపురుగును ఎరుగనివారు లేరు. పుంగనూరు పేరు వహించిన పొట్టి ఆవు మాత్రము ఆ పుంగనూరు పరిసరములలోనే అరుదైనది. ఇందుకు కారణమేమో విచారింతము.

రెక్కలు వచ్చిన పట్టుపురుగు ఆహారము గొనదు, ఎగురజాలదు. కొలది దినములే జీవించును. అయినను ఒక్కొక్క ఆడపురుగు సుమారు 400 గ్రుడ్లు పెట్టును. పుంగనూరు ఆవు సుమారు 3 అడుగుల ఎత్తు గలది. కొద్దిపాటి మేతతోనే, కరవును ఓర్చి, వెన్న అధికముగా గల పాలనిచ్చును. కాని ఈతకు ఒక్క దూడయే. ఇతర జాతుల ఆబోతులతో సంకరము జరిగినకొలది స్వచ్ఛమైన జాతి తరిగిపోయినది.

పట్టుపురుగు అడవిలో బ్రతుకజాలదు. మనుష్యుని పోషణయే దాని సమృద్ధికి మూలము. రోగము లేని గ్రుడ్లనే ఎంచి తెచ్చుకొనుచున్నాము గదా! ఆవు విషయమునను ఆ శ్రద్ధయే వలయును. పలమనేరు పశు పరిశోధనా కేంద్రమున ఈ జాతిని సంరక్షించుచున్నారు. కాని కొలది మందలలో మిగిలిన జాతిని ఒక్క అంటువ్యాధియే నశింపజేయగలదు. కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామమునగల పుంగనూరు ఆవులను లెక్కించి, ఎదకు వచ్చినపుడు ఆ జాతి ఆబోతుచేతనే చూలు కట్టించునట్లు పశువైద్యుని సలహా పొందవలెను. చెడిన గ్రుడ్లకు బదులు వేరు గ్రుడ్లు కొనవచ్చును. అంతరించిన గోజాతిని ఏ సంతలోను కొనజాలము.