ఒక్క చేపా పడని శనివారం

చేపలు పట్టడం గురించి రాసేవాడు కనీసం ఒక చేపనయినా పట్టి ఉండాలని మన సంపాదకవర్గం పట్టుబట్టి ఉంటే ఈ వ్యాసం మీ చేతికి వచ్చేది కాదు. ఈ జూలైలో ఒక శనివారం ముగ్గురు పెద్దవాళ్ళం, ఒక పిల్లవాడు క్వాబిన్ జలాశయం ఒడ్డున పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా కూర్చుని తొమ్మిది గంటల్లో సంపాదించింది అక్షరాలా సున్న. అయినా ఈ దేశం వచ్చాక ఇంత తృప్తిగా గడిచిన రోజు నాకు మరొకటి గుర్తు రావడం లేదు.

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మన సభ్యుల్లో క్వాబిన్ చూసినవారు తక్కువే గాని, ఆ నీళ్ళతో కాఫీ కాచుకోనివారు అంతకంటే తక్కువ. మాసచుసెట్స్ రాష్ట్రం నడుమ స్విఫ్ట్ నదికి అడ్డంగా విన్సర్ ఆనకట్ట కట్టి 1939లో నీళ్ళు నింపడం మొదలుపెడితే, నిండేసరికి 1946 వచ్చింది. పొడవు 18 మైళ్ళు. వంకరలన్నీ కలిపి కొలిస్తే ఒడ్డు 181 మైళ్ళు. సుమారు 30 లక్షలమందికి నీళ్ళిచ్చే వ్యవస్థకు ఇదే పెద్ద ఆధారం. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, క్రిములను చంపడానికి ఓజోను, అతినీలలోహిత కిరణాలు వాడతారే తప్ప వడపోత అక్కర్లేదు. ఆ తేటదనం చెడకూడదనే అక్కడ ఈతకు దిగనివ్వరు, కుక్కల్ని రానివ్వరు, పొయ్యి వెలిగించనివ్వరు. చుట్టూ ఉన్న అడవిలోకి నెంబర్లు వేసిన గేట్లు యాభైకి పైగా ఉన్నాయి. కొన్ని చోట్ల ఒడ్డున కూర్చుని గాలం వేసుకోవచ్చు. మేము వెళ్ళింది పెల్హామ్ ఊరి దగ్గర ఎనిమిదో గేటుకు. ఇంటి నుంచి ఎనభై మైళ్ళ పైచిలుకు.

మా జట్టులో మొదటివాడు ఇంజనీరు మిత్రుడు. సంఘంలో అందరికీ తెలిసినవాడే, పేరు రాస్తే దెబ్బలాటకొస్తాడు. గాలాలు, చక్రాలు, రంగు రంగుల ప్లాస్టిక్ చేపపిల్లలు అన్నీ ఆయనవే. రెండోవాడు మా అబ్బాయి, తొమ్మిదేళ్ళు. మూడోవారు మా మామగారు, డెబ్బై దాటినవారు. ఏప్రిల్లో మా దగ్గరకు వచ్చారు. ఊళ్ళో క్షణం తీరిక లేకుండా తిరిగే మనిషికి ఇక్కడ పనేముంది? పొద్దున్నే లేచి తపాలా డబ్బా దాకా నడవడం, వచ్చి కిటికీ దగ్గర కూర్చోవడం. నాకా, ఆస్పత్రి డ్యూటీలు. మూడు నెలల్లో మా ఇద్దరి మధ్య సంభాషణ "భోంచేశారా", "బీపీ మాత్ర వేసుకున్నారా" అన్న రెండు ప్రశ్నలు దాటలేదు. తల్లిదండ్రులనో అత్తమామలనో ఇక్కడికి పిలిపించుకున్న పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏడున్నరకు గాలాలు వేశాం. మామగారు ప్లాస్టిక్ చేపపిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, పక్కన పెట్టేశారు. రాత్రే మా ఆవిడ చేత గోధుమపిండి కలిపించి, చిటికెడు ఇంగువ వేయించి, ముద్ద చేసి తెచ్చుకున్నారట. అది గాలానికి గుచ్చి బెండు కట్టి వేశారు. కృష్ణలో బొచ్చె, శీలావతి ఈ వాసనకే వస్తాయట. రెండుసార్లు ఆయన బెండు మునిగింది. రెండుసార్లూ పిండి పోయింది, చేప రాలేదు. మా అందరిలో చేపతో ఆ మాత్రం పరిచయమైనా దక్కింది ఆయనకే.

చేపలు ఎందుకు పడలేదో ఇంజనీరు మధ్యాహ్నం దాకా ఉపన్యసించాడు. అందులో సారం ఉంది కనుక క్లుప్తంగా చెబుతాను. నీటి సాంద్రత నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువ. అంతకంటే వేడెక్కినకొద్దీ తేలికపడి పైన తేలుతుంది. ఎండాకాలంలో లోతైన జలాశయం రెండంతస్తుల మేడలాగా అవుతుంది: పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు, రెండూ కలవవు. ఇక్కడ పేరుబడ్డ చేప లేక్ ట్రౌట్. దానికి చల్లదనం కావాలి. కాబట్టి జూలైలో ఒడ్డు వదిలి నడిమి లోతుల్లోకి దిగిపోతుంది. మంచు కరిగిన ఏప్రిల్ చివరలోనూ, ఆకులు రాలే ముందూ మాత్రం ఒడ్డు దాకా వస్తుంది. స్మాల్‌మౌత్ బాస్ అనే మరో జాతి ఒడ్డున తిరిగేదే గాని, ఎండ ముదిరితే అదీ నీడ చూసుకుంటుంది. నాకు సెలవు దొరికే రోజు, చేపకు ఆకలి వేసే వేళ ఒకటి కావాలని ఎక్కడా రాసిలేదు కదా!

పదకొండు గంటలకు గాలానికి ఒకటి పడనే పడింది. అది మా ఇంజనీరు బొటనవేలు. గాలపు ముల్లుకు వెనక్కు తిరిగిన కొక్కెం ఉంటుంది. ఊరికే లాగితే కండ చీరుతుంది. పైపైన గుచ్చుకుంటే ఒక సులువు ఉంది. ముల్లు వంపుకు గట్టి దారం చుట్టి, గాలం కాడను చర్మం వైపు నొక్కిపట్టి, దారాన్ని చర్మానికి సమాంతరంగా ఒక్క విసురు విసరాలి. కొక్కెం పట్టు వదిలి ముల్లు వచ్చిన దారినే బయటకు వస్తుంది. అలాగే వచ్చింది. తరువాత సబ్బు, నీళ్ళు, కట్టు, ధనుర్వాతం టీకా వేసుకుని ఎన్నేళ్ళయిందని విచారణ. కంటిదగ్గర గుచ్చుకుంటే మాత్రం ఎవరూ చేయి పెట్టకుండా నేరుగా ఆస్పత్రికి పోవాలి. "డాక్టర్ని తెచ్చుకోవడం మంచిదే అయింది" అన్నారు మామగారు. ఏప్రిల్ తరువాత ఆయన నోట విన్న మొదటి చమత్కారం అదే.

పులిహోర, పెరుగన్నం అయ్యాక చెట్టుకింద చేరాం. మామగారు నీళ్ళ వైపు చూస్తూ హఠాత్తుగా అడిగారు: "దీంట్లో ఎన్ని టీఎంసీలు పడతాయి?"

అమెరికావాళ్ళ లెక్క గాలన్లలో ఉంటుంది, 41,200 కోట్ల గాలన్లు. ఇంజనీరు కట్టు కట్టిన చేత్తోనే పొట్లం కాగితం మీద గుణించి సుమారు 55 టీఎంసీలని తేల్చాడు.

"అంతేనా? మా శ్రీశైలం కట్టినప్పుడు 308. దాంట్లో ఐదో వంతు గూడా లేదే!" అని, కాసేపాగి, "ఇక్కడేమన్నా ఊర్లు మునిగినాయా?" అన్నారు.

మునిగాయి. డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీన్‌విచ్, ప్రెస్కాట్ అని నాలుగు. సుమారు 2,500 మందిని ఖాళీ చేయించారు. 1938 ఏప్రిల్ 27 రాత్రి ఎన్‌ఫీల్డ్ టౌన్‌హాల్లో వీడ్కోలు నాట్యం జరిగింది. అర్ధరాత్రి గడియారం కొట్టేసరికి నాలుగు ఊళ్ళూ చట్టప్రకారం లేకుండా పోయాయి. ఇళ్ళు పడగొట్టి, చెట్లు కొట్టి, సమాధులు తవ్వి ఏడున్నర వేలకు పైగా మృతుల అవశేషాలను వేరే చోటికి తరలించారు. ఎక్కువ భాగం వేర్ పట్టణం దగ్గర అందుకోసమే ఏర్పరచిన శ్మశానానికి చేరాయి. మాకు ఎదురుగా నీళ్ళ అవతల కనిపిస్తున్న అడవి ఒకప్పటి ప్రెస్కాటే.

మామగారిది కృష్ణ ఒడ్డున, ఒకప్పటి కర్నూలు జిల్లాలో, 2022 నుంచి నంద్యాల జిల్లా అయిన వైపు ఊరు. సంగమేశ్వరానికి కాలినడక దూరం. శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళలో అదొకటి. ఈ మాట మా పెళ్ళినాటి నుంచి నాకు తెలుసు. తెలిసింది ఆ మాటే. ఆ మధ్యాహ్నం తక్కినది విన్నాను.

"మా ఊర్లో నాట్యాలూ పాటలూ లేవు, లారీలొచ్చినాయి" అన్నారు. "తలుపులు, దూలాలు పీక్కున్నాం. వేపచెట్టు పీక్కోలేం గదా! గోరీలు ఎత్తుకపోయినారంటిరే, మంచి పని చేసినారు. మా అవ్వ గోరీ నీళ్ళలోనే ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు పోతా. ఒక్కో ఏడు కనపడుతుంది, ఒక్కో ఏడు బురదే."

"తాతా, మీ ఇల్లు నీళ్ళకింద ఉందా?" అన్నాడు మా వాడు.

"ఉంది నాయనా. ఇప్పుడు దాంట్లో చేపలు కాపురముంటాయి."

అక్కడినుంచి సాయంత్రం దాకా ఆయన చెబుతూనే ఉన్నారు: రేవు, పుట్టి, వరద దిగాక ఒండ్రులో వేసిన పుచ్చతీగలు, పరిహారం కోసం తిరిగిన ఆఫీసులు. నేను వింటూ కూర్చున్నాను. వాడు ఒక్కో ప్రశ్నా వేస్తూ కూర్చున్నాడు. గాలాలు వాటి మానాన అవి ఉన్నాయి. నా వృత్తిలో రోగి చెప్పేది వినడానికి నిమిషాలు లెక్కపెట్టి ఇస్తారు. ఎవరి మాటకూ అడ్డురాకుండా మూడు గంటలు విన్నది ఆ రోజే. ఒక్క చేప పడి ఉన్నా లేచి హడావిడి చేసేవాళ్ళం, ఆ మాట అక్కడితో తెగిపోయేది.

నాలుగు గంటలకు ఒక తెల్లతల గద్ద ప్రెస్కాట్ వైపు నుంచి వచ్చి, నీళ్ళను కాళ్ళతో తాకి, అరచేతి పొడుగు చేపను ఎత్తుకుపోయింది. ఈ రాష్ట్రంలో అంతరించిపోయిన ఆ గద్దల్ని 1982 నుంచి 1988 దాకా పిల్లలుగా తెచ్చి ఇక్కడే పెంచి వదిలారు. "లైసెన్సు లేనిది అదొక్కటే, చేప పడింది దానికొక్కదానికే" అని ఇంజనీరు గాలాలు సర్దాడు.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. పదిహేనేళ్ళు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. వేరే చోట నుంచి చుట్టపుచూపుగా వచ్చినవారికి మూడు రోజులదీ ఇస్తారు. ఔన్సుకంటే తక్కువ బరువున్న సీసపు గుళ్ళు 2012 నుంచి రాష్ట్రంలోని మంచినీళ్ళలో నిషిద్ధం. లూన్ అనే నీటిపక్షులు వాటిని మింగి సీసపు విషంతో చస్తాయి. చేప దొరికితే గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టే ముందు ప్రభుత్వ సలహా చదవండి. పెద్ద చేపల్లో పాదరసం పేరుకుని ఉంటుంది. ఇంటికి రాగానే ఒళ్ళంతా, ముఖ్యంగా మోకాళ్ళ వెనక, గజ్జల్లో, పిల్లల తల వెంట్రుకల్లో, పిడుదుల కోసం వెతకండి. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగేయాలి. లైమ్ జబ్బు అంటడానికి సాధారణంగా అది ఒక రోజుకు పైగా పట్టుకుని ఉండాలి గనుక, ఆ రాత్రే తీసేస్తే భయం చాలావరకు తీరినట్టే.

మామగారి తిరుగుప్రయాణం అక్టోబరు మొదటివారంలో. ఈలోగా సెప్టెంబరు చివర, నీళ్ళు చల్లబడి ట్రౌట్ ఒడ్డుకు చేరే వేళకు, మరొకసారి ఎనిమిదో గేటుకు వెళ్ళాలని నిశ్చయం. ఈసారి పిండిలో ఇంగువ పాలు పెంచుతారట. కారులో ఒక చోటు ఖాళీ ఉంది. మీ ఇంట్లోనూ కిటికీ దగ్గర కూర్చునే పెద్దవారు ఎవరైనా ఉంటే కబురు చేయండి.