డిపాజిట్ సక్సెస్, షేర్లు మాత్రం సున్నా! వాల్ట్ ఇన్‌ఫ్లేషన్ ఎటాక్ అంటే ఏంటి?

మీరు ఒక డీఫై వాల్ట్‌లో 20,000 డాలర్లు వేశారనుకోండి. ట్రాన్సాక్షన్ సక్సెస్ అయింది. కానీ వాలెట్‌లో చూస్తే వచ్చిన షేర్లు సున్నా. మీరు ఫేక్ లింక్ నొక్కలేదు, సీడ్ ఫ్రేజ్ ఎవరికీ చెప్పలేదు. మరి డబ్బు ఏమైంది?

ముందు వాల్ట్ సంగతి చూద్దాం. అందరి డబ్బూ ఒకే చోట వేసి, ఎవరి వాటా ఎంతో షేర్లలో రాసుకునే స్మార్ట్ కాంట్రాక్ట్ అది. ఇథీరియంలో దీనికి ఈఆర్‌సీ-4626 అనే స్టాండర్డ్ ఉంది. లెక్క సింపుల్: మీరు వేసిన డబ్బుని మొత్తం షేర్లతో గుణించి, వాల్ట్‌లో ఉన్న మొత్తం డబ్బుతో భాగించాలి. వచ్చిన దాంట్లో దశాంశాలు కట్. బస్సులో కండక్టర్ చిల్లర లేదంటే రూపాయి వదిలేస్తాం చూడండి, అలాగన్నమాట. మామూలుగా ఆ చిల్లర పైసా కూడా ఉండదు. ఎటాకర్ చేసే పనల్లా ఆ చిల్లరని పెద్దది చెయ్యడమే.

ఎలాగంటే, ఖాళీగా ఉన్న కొత్త వాల్ట్ చూసుకుంటాడు. ఇథీరియంలో ఇంకా కన్ఫర్మ్ కాని ట్రాన్సాక్షన్లు మెంపూల్ అనే క్యూలో అందరికీ కనిపిస్తాయి. అక్కడ మీ 20,000 కనబడగానే, గ్యాస్ ఎక్కువ కట్టి మీకంటే ముందు దూరతాడు. యూఎస్‌డీసీలో అతి చిన్న యూనిట్, అంటే 0.000001 డిపాజిట్ చేసి 1 షేర్ తీసుకుంటాడు (ఇది కూడా అతి చిన్న యూనిట్ షేరే). తర్వాత ఇంకో 20,000 నేరుగా వాల్ట్ అడ్రస్‌కి పంపేస్తాడు. ఇది డిపాజిట్ కాదు, డొనేషన్. కాబట్టి కొత్త షేర్లు పుట్టవు. ఉన్న ఆ ఒక్క షేరే 20,000.000001 డాలర్లదైపోతుంది.

ఇప్పుడు మీ వంతు. మీ లెక్క 0.99 చిల్లర వస్తుంది. దశాంశాలు కట్ అంటే సున్నా! వాడు తన ఒక్క షేర్ ఇచ్చి 40,000 పట్టుకెళ్తాడు.

సున్నా షేర్లు వస్తే డిపాజిట్ క్యాన్సిల్ అయ్యేలా రాసిన వాల్ట్‌లూ ఉన్నాయి. అయినా ఆగదు. వాడు 10,000 మాత్రమే డొనేట్ చేస్తే మీకు 1.99 బదులు 1 షేర్ వస్తుంది. మొత్తం 30,000లో చెరి సగం. మీ 5,000 వాడి జేబులోకి.

దీనికి మందు పాతదే. యూనిస్వాప్ వీ2 కొత్త పూల్‌లో మొదటి 1,000 యూనిట్ల షేర్లని ఎవరూ తీసుకోలేని జీరో అడ్రస్‌కి పంపేస్తుంది. ఓపెన్‌జెప్పెలిన్ కోడ్‌లో వర్చువల్ షేర్లు ఉంటాయి. ఎటాకర్ డొనేషన్‌లో కొంత వాటికే పోతుంది, వాడికి గిట్టుబాటు కాదు. మనవైపు నుంచి అయితే, కొత్త వాల్ట్‌లో వేసేముందు ఎక్స్‌ప్లోరర్‌లో టోటల్ సప్లై చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటే, వడ్డీ ఎంత ఊరించినా మొదటి డిపాజిటర్ మీరు కావద్దు.

ఇదే బలహీనత లెండింగ్ ప్రోటోకాల్స్‌లో ఇంకా ఘోరం. అక్కడ ఉబ్బించిన షేర్‌ని తాకట్టు పెట్టి వేరే మార్కెట్ల డబ్బంతా అప్పు తీసుకుంటారు. 2023 ఏప్రిల్‌లో హండ్రెడ్ ఫైనాన్స్‌కి ఇలాగే సుమారు 74 లక్షల డాలర్లు పోయాయి. అది చూశాక కూడా 2024 మేలో సోన్ ఫైనాన్స్ దొరికిపోయింది, సుమారు 2 కోట్ల డాలర్లు. సోన్ వాళ్లకి ఈ రిస్క్ తెలుసు! అంతకుముందు కొత్త మార్కెట్ పెట్టినప్పుడల్లా తామే కొంచెం డబ్బు వేసి, ఆ షేర్లు కాల్చేసి, ఆ తర్వాతే తాకట్టు విలువ ఇచ్చేవాళ్లు. ఈసారి వెలో టోకెన్ మార్కెట్ పెట్టే పనులు రెండు రోజుల టైమ్‌లాక్‌లో ఉన్నాయి. గడువు అయ్యాక వాటిని ఎవరైనా రన్ చెయ్యొచ్చు. ఎటాకర్ రన్ చేశాడు, మార్కెట్ ఇంకా ఖాళీగా ఉండగానే.

దోపిడీ జరుగుతుండగా ఒకరు గమనించి ఆ మార్కెట్‌లో సుమారు 100 డాలర్ల వెలో వేశారు. అంతే, ఖాళీ పోయింది, లెక్క కుదరడం మానేసింది. మిగిలిన దాదాపు 65 లక్షల డాలర్లు అలా బయటపడ్డాయి.