ఆ కండల వెనక ఏముంది?

ద్యుతీ చంద్‌ది ఒడిశా. అయినా హైదరాబాద్‌లో శిక్షణ పొందడంతో మనవాళ్లంతా ఆమెను ఇంటి పిల్లలాగే చూసుకున్నారు. శరీరంలో సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువుందని 2014లో ఆమెను పోటీలకు దూరం పెడితే పోరాడి మరుసటేడు మళ్లీ ట్రాక్ ఎక్కింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. అలాంటి అమ్మాయికి 2022 డిసెంబరులో చేసిన పరీక్షల్లో ‘సార్మ్స్’ అనే నిషిద్ధ మందులు బయటపడి, నాలుగేళ్ల నిషేధం పడితే నాలాంటి అభిమానులకు మనసు చివుక్కుమంది. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులదీ ఇదే బాధ. 1998లో 70 హోమ్‌రన్లు కొట్టిన మార్క్ మెగ్వైర్, స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు.

క్రీడాకారులకైతే పరీక్షలున్నాయి. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో జిమ్‌కు వెళ్లే మీ అబ్బాయికి ఎవరు చేస్తారు? కానిస్టేబుల్ పరుగు కోసమో, పెళ్లిచూపుల కోసమో మూడు నెలల్లో కండలు రావాలంటాడు. అక్కడే ఎవరో ఒక సీసా చేతిలో పెడతారు.

సార్మ్స్‌లో ఒక్కదానికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లేదు. కాలేయం దెబ్బతింటుందని, గుండెపోటు, పక్షవాతం రావచ్చని అది 2017లోనే హెచ్చరించింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లది ఇంకో కథ. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే వృషణాలు తమ పని మానేస్తాయి. వీర్యకణాలు పడిపోతాయి. కండల కోసం వెళ్లిన కుర్రాడికి రొమ్ములు పెరుగుతాయి! ఇది చెప్పుకోలేక వదులు చొక్కాలు వేసుకుని తిరుగుతారు. పిల్లలు పుట్టడం లేదంటూ భార్యను మాత్రమే పరీక్షలకు పంపే ఇళ్లకు ఈ సంగతి ముందుగా తెలియాలి.

ఇక మెఫెంటర్మిన్. ఆపరేషన్ సమయంలో పడిపోయిన బీపీని పెంచడానికి మేం వాడే ఇంజెక్షన్ అది. అలసట తెలియదని జిమ్‌లలో పొడిపించుకుంటున్నారు. బీపీ బాగానే ఉన్నవాడికి ఇస్తే గుండె లయ తప్పవచ్చు. ఒకే సూది నలుగురు వాడితే హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ భయం అదనం.

ప్రొటీన్ పౌడర్లన్నీ విషం కాదు. కానీ లేబుల్‌లో లేని మందులు కలిపినవీ దొరుకుతున్నాయి. గుడ్లు, పప్పు, పాలు, చికెన్‌తో చాలామందికి సరిపోతుంది.

ఒక్కసారిగా మొటిమలు, విపరీతమైన కోపం, నిద్రలేమి, ఛాతీలో వాపు కనిపిస్తే తిట్టకుండా అడగండి. స్టెరాయిడ్లు ఆపాక కొందరు తీవ్రమైన కుంగుబాటులోకి జారతారు, ఒంటరిగా వదలొద్దు. బీపీ, ఈసీజీ, కొలెస్ట్రాల్, కాలేయం, హార్మోన్ పరీక్షలు చేయించాలి. వచ్చేటప్పుడు వాడిన సీసా, డబ్బా కూడా వెంట తెండి. అందులో ఏముందో తెలిస్తే మాకు సగం పని తగ్గుతుంది.